చాచిన అరచెయ్యి

మా హెడ్మిస్ట్రెస్ మేడం అనగానే నాకు ఆవిడ చాచిన అరచెయ్యే గుర్తొస్తుంది. కొత్తగా చేరిన ఏ టీచరు చేతిలోనైనా ఆవిడ చాక్‌పీస్ ఉండనిచ్చేవారు కాదు. చంపాపేట్ వైపు ఒక సర్కారు బడిలో నా తొలిరోజు. దిల్‌సుఖ్‌నగర్‌లో టీచరు పరీక్ష కోచింగ్‌లో నేను విన్న వేగంతోనే మూడో తరగతికి లెక్కలు చెప్పి బోర్డు నింపేశాను. పిల్లలు కిక్కురుమనలేదు. బాగా చెప్పాననుకున్నాను.

గుమ్మంలో నిలబడి వింటున్న మేడం లోపలికొచ్చి చెయ్యి చాచారు.

"చాక్‌పీస్ ఇటియ్యమ్మా. పిల్లలు గింత సప్పుడు చెయ్యకుంట కూసున్నరంటే ఏం సమజ్ కాలేదన్నట్టు. జర వాళ్ల నడుమ కూసో."

చాప మీద కూర్చున్నాను. పక్కనున్న పిల్ల నా కొంగు పట్టుకుంది.

"టీచర్, రేపు గూడ వస్తవా? ఇంతకుముందు టీచర్ చెప్పకుంటనే పోయింది."

వస్తానన్నాను.

ఆ మాట విన్నాకే మేడం చాక్‌పీస్ నా చేతిలో పెట్టారు.