నాయనమ్మకు కనపడిన మనుషులు

నాయనమ్మకు మొదటిసారి మనుషులు కనపడింది మిరపకాయల కల్లంలో, పట్టపగలు. ఎర్రగా ఆరబోసిన కాయల మీదుగా మూరెడు ఎత్తు కూడా లేని మనుషులు వరసగా నడిచిపోతున్నారని, అందరికీ పసుపు తలపాగాలున్నాయని చెప్పింది. తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు చేతులు ఆపి ఆమె వంక చూశారు. వడదెబ్బేమోనని నేను పరుగెత్తి నీళ్ళు తెచ్చిచ్చాను. నింపాదిగా తాగి, "ఏం మాట్టాడరే. అట్టా పోతా ఉంటారంతే," అంది. ఆమె భయపడలేదు. భయపడింది నేనే.

అవి ఎనభైల మొదటి రోజులు. మాది దర్శి అవతల చిన్న పల్లె. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న మిషన్ బడిలో మాస్టారు. నేను ఇంటర్ తప్పి, మళ్ళీ కడతానని అబద్ధాలు చెబుతూ ఇంట్లో కూర్చున్నదాన్ని. నాయనమ్మ ఒకప్పుడు ఊళ్ళో వాళ్ళ చేలల్లో పత్తి తీసిన మనిషి. ముప్పయ్యేళ్ళు దాటాక, పాస్టరమ్మగారు చెప్పే రాత్రిబడికి వెళ్ళి అక్షరాలు దిద్దుకుంది. అప్పట్నుంచీ ఆదివారం గుళ్ళో వాక్యం చదివేది ఆమే. తెల్లచీర కట్టుకుని, కొంగు తల మీదికి లాక్కుని, బైబిలు పట్టుకుని నిలబడితే, వారమంతా ఆమెను "ఏమే" అని పిలిచే కాపుల ఇళ్ళు కూడా నాకు చిన్నగా కనపడేవి. ఆ నిలబడటం కోసమే ఆమె బతికేది. ఇది అతిశయోక్తి కాదు.

మా నాన్నకు హోమియో పిచ్చి. ఆ రోజుల్లో మా వైపు బడి పంతుళ్ళలో, పోస్టు మాస్టర్లలో చాలామంది ఇళ్ళల్లో ఒక చెక్కపెట్టె ఉండేది. దాన్నిండా చిన్న చిన్న సీసాలు, పక్కనే అట్ట చిరిగిన మందుల పుస్తకం. సాయంత్రం మా అరుగు మీద పదిమందైనా కూర్చునేవాళ్ళు. జలుబులూ గజ్జీ తగ్గినవాళ్ళు దణ్ణాలు పెట్టేవాళ్ళు. తగ్గనివాళ్ళు మళ్ళీ వచ్చేవాళ్ళు కాదు కాబట్టి, నాన్న లెక్కలో అందరికీ తగ్గినట్టే.

లేనివి కనపడటానికి కూడా ఆ పెట్టెలో మందుందని ఆయన నమ్మకం. "ఉమ్మెత్తకాయ తిన్నోడికి ఏమవుద్ది? లేనియ్యన్నీ కనపడతయ్యి. ఆ ఉమ్మెత్తనే సూక్ష్మం చేసి ఇస్తే, కనపడేయి పోతయ్యి," అని నాకు పాఠం చెప్పాడు. వినడానికి బాగానే ఉంది. కాకపోతే మందు ఎంచడానికి ముందు రోగిని అడగాల్సినవి చాలా ఉంటాయట. తల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, నోటుపుస్తకం తెరిచి, మూడు రోజులు అడిగాడు. దాహం ఎక్కువా? చెమట మెడకు పడుతుందా, అరికాళ్ళకా? ఏ పక్కకు తిరిగి పడుకుంటావు? ఉప్పు ఇష్టమా, తీపి ఇష్టమా? ఆ మనుషులు ఎటు నుంచి ఎటు పోతారు? నాయనమ్మ ఓపిగ్గా అన్నిటికీ జవాబు చెప్పింది. నోటుపుస్తకంలో కళ్ళ గురించి కూడా ఒక గడి ఉంది. దానికి ఆమెను అడగాల్సిన పని లేదనుకున్నాడు. "చూపు బాగుంది. రోజూ వాక్యం చదువుతోంది" అని తనే రాసేశాడు. ఆ మాట ఆయన గుండ్రని అక్షరాల్లో నాకింకా గుర్తుంది.

గుళికలు మొదలయ్యాయి. ఉల్లిపాయ మానేయమన్నాడు, కాఫీ మానేయమన్నాడు. ఘాటు వాసన తగిలితే మందు విరిగిపోతుందట. మిరపకాయల కాలంలో మా ఊళ్ళో ఘాటు తగలని చోటెక్కడుంది? అందుకని ఆమెను వెనకగదిలో కూర్చోబెట్టి, కిటికీ తలుపులు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కాడు. ఆ చీకట్లో మనుషులు ఎక్కువయ్యారు. పట్టుపరికిణీల పిల్లలు వచ్చారు. గోడ మీద గళ్ళు గళ్ళుగా అద్దకం కనపడిందట. నేను నాన్నతో చెబితే ఆయన మొహం వెలిగింది.

"పెరిగిందా? అయితే మందు పట్టినట్టే. ముందు పెరిగి ఆ తర్వాత తగ్గుద్ది."

"పెరిగినా మందు గొప్పే, తగ్గినా మందు గొప్పే. మరి ఏం జరిగితే మందు తప్పు నాన్నా?"

"ఇంటర్ పాసై రా, అప్పుడు చెప్తా," అన్నాడు.

ఈలోగా సంగతి గుడిదాకా పాకింది. పాస్టరుగారు వచ్చి, ఇవి దర్శనాలని, సంఘం ముందు సాక్ష్యం చెప్పాలని పట్టుబట్టారు. ఆయన వెళ్ళాక నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది. "దర్శనాలైతే ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పాలి గదా. వీళ్ళు నా వంకన్నా చూడరు. అమ్మాయ్, నిజం చెప్పు. నాకు పిచ్చెక్కిందంటావా?" ఆ మాట ఎందుకడిగిందో నాకు తెలుసు. పక్క ఊళ్ళో మతి చెడిన ఒకామెను స్వస్థత కూటాల్లో గుంజకు కట్టేసి ఉంచారు. కళ్ళారా చూసి వచ్చిన మనిషి ఈమె. కాదు నాయనమ్మా అన్నాను. నా గొంతులో నమ్మకం లేదు. ఆమెకు అది తెలిసింది.

శనివారాలు మాత్రం బాగుండేవి. రేపు గుళ్ళో చదవాల్సిన భాగం నాచేత ఆమె ముందుగా చదివించుకునేది. "నీకు ఒత్తులు పలకవు. చదువు, దిద్దుతా," అనేది. మూడుసార్లు, నాలుగుసార్లు చదివించేది. విసుక్కుంటూ చదివేదాన్ని. కాస్తో కూస్తో నన్ను బాగుచేయాలని ఆరాటపడుతోంది కాబోలు అనుకున్నాను.

జూన్ దాటింది. వాన లేదు. పత్తి గింజలు పెట్టాలని ఊరంతా ఆకాశం చూస్తోంది. ఆ ఆదివారం పాస్టరుగారు లేచి, ముందు అనుకున్నది వద్దు, వాన కోసం చేసిన ప్రార్థన ఉన్న అధ్యాయం చదవండి అన్నారు. నాయనమ్మ పుస్తకం పట్టుకుని లేచి నిలబడింది. తెరిచింది. చదవలేదు. గుళ్ళో దగ్గులు కూడా ఆగిపోయాయి. ఆమె బొటనవేలు కాగితం మీద అటూ ఇటూ తిరుగుతోంది. వెనక ఎవరో ఆడమనిషి "దర్శనం వచ్చింది" అని గుసగుసలాడింది. "స్తోత్రం" అంటూ ఒకరి వెనక ఒకరు మోకాళ్ళ మీద వాలారు. అప్పుడు నాయనమ్మ గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టింది. అది పాస్టరుగారు చెప్పిన అధ్యాయం కాదు. నిన్న నేను నాలుగుసార్లు చదివిన కీర్తన. ఒక్క తప్పు లేదు. దేవుడే భాగం మార్చాడని జనం కళ్ళు తుడుచుకుంటున్నారు.

నేను ముందు చాప మీద ఉన్నాను. తలెత్తి చూస్తే, ఆమె చేతుల్లో నా వైపు వాలిపోయిన పుస్తకంలో తెరుచుకుని ఉన్న పుట కనపడింది. ఇంట్లో పుట్టినవాళ్ళ తేదీలు రాసుకోవడానికి పుస్తకం మధ్యలో వదిలే పుట అది. దాని మీద చేత్తో రాసిన నాన్న పేరు, నా పేరు తప్ప ఇంకో అక్షరం లేదు.

ఇంటికి రాగానే నాన్నతో చెప్పాను. నీకేమైనా తిక్కా, రోజూ చదువుతోందిగా అన్నాడు. నేను ఊరుకోలేదు. నడివాకిట్లో, నడినెత్తిన ఎండలో నాయనమ్మను కూర్చోబెట్టి, ఏదో ఒక పుట తీసి ఒళ్ళో పెట్టాను. "ఇది చదువు నాయనమ్మా," అన్నాను. ఆమె కాగితాన్ని అరచేత్తో నిమిరింది. నిమురుతూనే ఉంది.

"వెలుతురు చాల్లేదే," అంది చివరికి.

నాన్న వెళ్ళి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

మర్నాడు మొదటి బస్సెక్కి, అద్దంకి మీదుగా గుంటూరు వెళ్ళాం. కళ్ళ డాక్టరు దాహం గురించి అడగలేదు, చెమట గురించీ అడగలేదు. లైటు వేసి చూశాడు, కన్ను ఒత్తి చూశాడు. నీటికాసులు అన్నాడు, కంట్లో ఒత్తిడి పెరిగి చూపు పోయే జబ్బు. ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడికంట్లో ఎదురుగా చిన్న సందంత చూపు మిగిలింది. అది పోకుండా ఆపరేషను చేస్తామన్నాడు. ఆ మనుషుల సంగతి నేనే చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"చూపు పోయేవాళ్ళలో కొందరికి ఇట్లా అవుతుందమ్మా. కంటి నుంచి ఏమీ అందకపోతే మెదడు ఊరుకోదు. తనే బొమ్మలు వేసుకుంటుంది. చీకట్లో ఉంచితే ఇంకా ఎక్కువ వేస్తుంది. ఇది పిచ్చి కాదు."

"ఆ మాట మళ్ళీ అనండి బాబూ," అంది నాయనమ్మ. ఆయన మళ్ళీ అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాలుగు నెలల్లో ఆమె ఏడవటం అదే మొదలు.

ఇన్నాళ్ళూ ఏం వాడారని డాక్టరు అడిగితే, నాన్న నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. డాక్టరు రెండు పుటలు తిప్పి మూసేశాడు. "కనపడటం మొదలైన రోజే తీసుకొస్తే కుడికన్ను ఇంకాస్త నిలబడేది మాస్టారూ," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. నాన్న మీద నాకున్న కోపమంతా పైకొచ్చింది. దాంతోపాటే నా శనివారాలూ గుర్తొచ్చాయి. మూడు మూరల దూరంలో కూర్చుని చదివాను. ఆమె కళ్ళ వంక ఒక్కసారి కూడా చూడలేదు.

డాక్టరు నాయనమ్మ వైపు వంగాడు. "మామ్మగారూ, ఇప్పుడు ఎవరన్నా కనపడుతున్నారా?"

"ఆఁ. మీ బల్ల మీద ఇద్దరున్నారు. ఆడమనిషిది ఆకుపచ్చ చీర. అంచు మీద పువ్వులు కూడా లెక్కపెట్టొచ్చు బాబూ, అంత బాగా కనపడతన్నారు." మెడ తిప్పి వెతుక్కుంది. "మా అబ్బాయి ఏడమ్మాయ్? బయటికెళ్ళాడా?"

నాన్న ఆమె ఎడమపక్కనే ఉన్నాడు. చెయ్యి ఆమె కుర్చీ మీదే ఉంది. "ఇక్కడే ఉన్నానమ్మా," అన్నాడు.

నాయనమ్మ ఎదురుగా గాల్లోకి చెయ్యి చాచింది. నాన్న కుర్చీ చుట్టూ తిరిగి వచ్చి, ఆ చేతికి అందేలా వంగాడు.