పేలని డబ్బాను పరామర్శించిన రోజు

నేనీ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది నా తెలివి వల్ల కాదు. డేవ్ అనే అమెరికన్, ట్రిగ్గర్ మీద వేలు పెట్టేముందు ఒకసారి తలెత్తి చూసే మనిషి కావడం వల్ల.

డేవ్, అమెరికాలో నాకు ఆతిథ్యమిచ్చిన మా యాదగిరికి ఆఫీసులో సహోద్యోగి. వాళ్లుండే ట్రాయ్ ఊరికి గంట దూరంలో అతనికి పొలం ఉంది. సరదాకి అక్కడ రైఫిల్‌తో కొడితే పేలే డబ్బాలు పెట్టి కాలుస్తాడని విని, చూపించమని యాదగిరిని నేనే వేధించాను. ఏళ్ల తరబడి దినపత్రికలో సైన్సు పేజీ చూసినవాణ్ణి. తెలియని విషయాన్ని తెలిసినట్టు చెప్పడం వృత్తిరీత్యా అబ్బింది.

డేవ్ రెండు పొడులు కలిపిన డబ్బాను దూరంగా మట్టిగట్టు ముందు పెట్టి వచ్చి ఏదో వివరిస్తున్నాడు. నేను యాదగిరికి నా పాఠం మొదలుపెట్టాను.

"ఒకటి మండే లోహపు పొడి. రెండోది ఆక్సిజన్‌ని కడుపులో దాచుకున్న ఉప్పు. మన లక్ష్మీ బాంబు లాంటిదేనయ్యా."

"అన్నా, ఆయనేదో చెప్తుండు, జర ఇను."

"నాకు తెలియనిది ఏం చెప్తాడు!" అని, చప్పుడు వినపడకుండా పెట్టుకునే మఫ్స్ చెవులకు తగిలించుకున్నాను.

డేవ్ చిన్న రైఫిల్‌తో కొట్టాడు. డబ్బాకు చిల్లు పడింది. అంతే. పొగైనా రాలేదు.

దీపావళి నాడు తుస్సుమన్న బాంబు దగ్గరికెళ్లి, వంగి, దాని క్షేమం విచారించడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. నన్ను అడగకుండానే నా కాళ్లు హద్దుగా కట్టిన తాడు దాటాయి. కొంత దూరం వెళ్లి వెనక్కి చూస్తే ఇద్దరూ తెగ చేతులూపుతున్నారు. ప్రోత్సాహం కాబోలనుకుని నేనూ ఊపాను. ఆ మఫ్స్ లోపల ప్రపంచం ఎంత ప్రశాంతంగా ఉందనుకున్నారు!

యాదగిరి పరుగున వచ్చి నా మఫ్స్ లాగేశాడు.

"పిచ్చి లేసిందా అన్నా? ఆయన పెద్ద రైఫిల్ ఎత్తిండు! నువ్వు గన్‌కి ఎదురుంగ నిలబడ్డవ్!"

"అది తుస్సుమంది కదా, ఎందుకో చూద్దామని..."

"తుస్సు గాదు! స్లో బుల్లెట్‌కి పేలదని చూపిస్తా అని చెప్పే కొట్టిండు!"

తిరిగి వచ్చేసరికి డేవ్ రైఫిల్ ఖాళీ చేసి ట్రక్కు అంచున కూర్చున్నాడు. ఖాళీ అయిందో లేదోనని దాన్ని మళ్లీ మళ్లీ తెరిచి చూస్తున్నాడు. పోయేది నా ప్రాణమే అయినా, బతికినన్నాళ్లూ ఆ భారం మోయాల్సింది అతనని అప్పుడు తట్టింది.

కాసేపటికి మళ్లీ మొదటినుంచి చెప్పాడు. ఈసారి విన్నాను. మన టపాకాయకు ఒత్తి వెంట పాకి వచ్చే మంట చాలు. ఈ మిశ్రమానికి ధ్వనికన్నా రెండింతలు వేగంగా దూసుకొచ్చే తూటా కావాలి. ఆ తాకిడికి పుట్టిన షాక్ పొడి మొత్తాన్నీ ఒక్క క్షణంలో దాటిపోతుంది. వేగం చాలని తూటా చిల్లు పెట్టి ఊరుకుంటుంది.

కలిపిన డబ్బాను అలా వదిలేయకూడదట. నన్ను ట్రక్కులో కూర్చోబెట్టి, తలుపు వేసి, పెద్ద రైఫిల్‌తో కొట్టాడు. చప్పుడు చెవికన్నా ముందు అరికాళ్లకు తెలిసింది. గట్టు ముందు తెల్లటి మబ్బు లేచింది.

"మీ దేశంలో పేలని బాంబుని ఏం చేస్తారు?" అని డేవ్ అడిగాడు.

"దగ్గరికెళ్లి చూస్తాం."

"చూశాక?"

యాదగిరి అందుకున్నాడు. "ఐబ్రోస్ మళ్లీ మొలిచేదాంక ఇంట్ల కూసుంటం."

డేవ్ అప్పుడు నవ్వాడు. ఆ నవ్వు కోసం నేను మరో రెండు తిట్లు తినడానికైనా సిద్ధంగా ఉన్నాను.

కనుక పాఠకుల సాక్షిగా శపథం చేస్తున్నాను. ఇకమీదట ఎవరేం చెప్పినా, అది నాకు క్షుణ్ణంగా తెలిసిన విషయమే అయినా సరే, నోరు మూసుకుని చివరిదాకా వింటాను. అదీ తుపాకీకి వెనకపక్క నిలబడి.