సామాను కాదు, సమానం

మొన్న చార్మినార్ దగ్గర పాత పుస్తకాల బండి మీద ఆ ఎర్ర అట్ట పుస్తకం కనిపించింది. మా బాపు పడుచుతనం నుంచి పోయేదాకా నమ్మింది దాన్నే, జెండా పట్టింది దాని కోసమే.

నా చిన్నతనంలో బీడీ పొగ మధ్య దాన్ని దోస్తులకు చదివి వినిపించేవాడు. "అందరికీ సమానం" అన్నది నాకు "అందరికీ సామాను" అని వినబడి, బేగంబజార్ ఇత్తడి గిన్నెల కోసం ఎదురుచూశాను.

"బాపూ, సామాను ఎప్పుడొస్తది?" అంటే అందరూ పగలబడి నవ్వారు.

"సామాను గాదే పిచ్చిదానా, సమానం! ఆడ, మగ అందరొక్కటే."

"గట్లైతే అన్న లెక్క నన్ను గూడ బడికి తోలు."

"నీకెందుకే బడి? నేను చదివి చెప్తున్న గద! పో, చాయ్ పట్కరా."

అరవై దాటాక అక్షరాలు నేర్చిన నేను, ఆ పుస్తకం కొని, కూడబలుక్కుంటూ చివరిదాకా చదివాను. పుస్తకాన్ని ఇప్పుడు నేనూ నమ్ముతున్నాను. బాపునే నమ్మలేకపోతున్నాను.