కన్నం పడని చీటీ

“మాస్టారు ఎల్లిపోయేర్రా,” అని స్టేషను గేటు దగ్గర పోర్టరు చెప్పగానే, “ఏ బండికి?” అని అడిగాను. రాయగడ రైల్వే కాలనీలో పెరిగినవాడికి ఆ మాటకి ఇంకో అర్థం వెంటనే తట్టదు. ఆయన మా చర్చి ఆదివారం బడి మాస్టారు. మిగతా ఆరు రోజులూ, బొగ్గింజను మసి అంటిన తెల్ల యూనిఫారంలో టికెట్ కలెక్టరు. పాఠకులు నన్ను క్షమించాలి. మాస్టారైతే ఎప్పుడో క్షమించేశారు. నాకే ఆలస్యంగా తెలిసింది.

సరైన జవాబు చెప్పినవాడి హాజరు చీటీకి ఆయన టికెట్ల కత్తెరతో కన్నం పెట్టేవారు. “టికెట్ లేకుండా సొర్గం బండెక్కితే నానే దింపేత్తాను,” అనేవారు. నా చీటీలు జల్లెడలా ఉండేవి.

గుణుపురం కాలేజీలో చేరి, చదువు తలకెక్కి, సెలవులకొచ్చిన ఓ ఆదివారం లేచి నిలబడ్డాను.

“మాస్టారండీ, లోకాన్ని రచ్చించే మెస్సీయ ఇంకా రాలేదంతారు యూదులు. ఆయనొత్తే యుద్ధాలుండవు, తోడేలూ గొర్రెపిల్లా ఒక్క చోట పడుకుంతాయి కదండీ. మనమేమో వచ్చేడంతాం. మరి మొన్న పాస్టరుగారి మేకని నక్క ఎత్తుకుపోయింది. దానికి కబురందలేదేటండీ?”

బడి గొల్లుమంది. మాస్టారు నల్లబల్ల వైపు తిరిగారు. భుజాలు వణికాయి. ప్రార్థన కూడా చెయ్యకుండా ఆ రోజుకి బడి వదిలేశారు. నా చీటీకి కన్నం పడలేదు.

ఒక పెద్దాయన విశ్వాసాన్ని మేకతో పొడిపించానన్న భయం రెండేళ్లు మోశాను. ఆయన ఎదురొస్తే ప్లాట్‌ఫారం మార్చేవాణ్ణి.

మొన్న, మాస్టారు పోయిన ఇంట్లో ఓదార్పుకి పెట్టిన ఆదరణ కూటం అయ్యాక మాస్టారి భార్య పిలిచారు. “ఏరా, ఆ నక్క గుంటడివి నువ్వే కదా? ఆ రోజు ఇంటికొచ్చి నవ్వీ నవ్వీ మంచమ్మీద పడిపోయేరు.”

“ఏడిసేరనుకున్నానండి, అమ్మగారూ!”

“ఏడుపేటి? మీ ముందు నవ్వితే ఇంక మాటినరని ఆపుకున్నారంట. ఇది నీకిద్దామని ఆయనొత్తే, నువ్వేమో పారిపోతావు,” అంటూ ఓ నోటుబుక్కు కాగితం చేతిలో పెట్టారు.

ఎడమవైపు రాసి ఉంది: “యూదులు: దావీదు వంశపు రాజు. మనిషే, దేవుడు కాడు. లోకాన్ని బాగుచేస్తాడు. వస్తాడు.” కుడివైపు: “మనం: దేవుని కుమారుడు. వచ్చేడు, మన పాపాల కోసం చనిపోయి లేచేడు. లోకం బాగుపడడం మిగిలే ఉంది. మళ్లీ వస్తాడు.” రెండు వైపులా ‘వస్తాడు’ చుట్టూ సున్నా. కింద: “నక్క సంగతి నాకూ తెలీదు. ఆయన కనబడ్డాక అడుగుతాను. వాళ్ల ఎదురుచూపుని మాత్రం ఎగతాళి చెయ్యకు. మనమూ ప్లాట్‌ఫారం మీదే ఉన్నాం.”

గుండె మీంచి గూడ్సుబండి దిగినట్టయింది. బయటికొచ్చి కాగితాన్ని ఎండకెత్తి పట్టుకున్నాను. మూలన, నా పేరు పక్కన, చిన్న కన్నం. అందులోంచి శనగగింజంత వెలుగు నా చొక్కా మీద పడి, ఇంటిదాకా నాతో వచ్చింది.