పైడి పిన్ని కర్మ

రైలు పలాసలో ఆగినప్పుడల్లా నేను కిటికీ మూసేస్తాను. కాలిన జీడిపెంకు, వేగిన పప్పు, గొంతులో గరగరలాడే నూనెపొగ కలిసిన ఆ వాసన ఎదుటి సీట్లోవాళ్ళకు నోరూరిస్తుంది. వాళ్ళు దిగి పొట్లాలు కొనుక్కొచ్చి నా ముందుకూ చాపుతారు, వద్దంటే వింతగా చూస్తారు. ఆ వాసన ముక్కుకు తగిలితే నాకు మళ్ళీ పదేళ్ళు వస్తాయి. ఆ పదేళ్ళ పిల్లంటే నాకు అసహ్యం.

మా ఊరు గజపతినగరం నుంచి బండిదారిన గంటన్నర. ఎండాకాలం సెలవులిచ్చారంటే పొద్దున్నే చోడంబలి తాగి, ఉల్లిపాయ కొరుక్కుంటూ మెట్ట మీది జీడితోటల్లోకి పరుగెత్తేవాళ్ళం. ఎర్రవీ పచ్చవీ పళ్ళు నోరు ఒగరెక్కేదాకా చీకి, గౌనుల మీద ఎన్ని ఉతుకులకీ పోని మరకలు చేసుకుని, పిక్కలు మాత్రం జాగ్రత్తగా ఒళ్ళో మూటగట్టుకుని వచ్చేవాళ్ళం. మధ్యాహ్నం తాటాకు పందిరి కింద ఆ పిక్కలతోనే ఆట. గీసిన గీత మీద వరసగా నిలబెట్టి దూరం నుంచి కొట్టాలి, పడినవన్నీ కొట్టినవాళ్ళవి. గెలిచిన పిక్కల్ని దొంగతనంగా కాల్చుకు తినడం అసలు పండగ. అది పెద్దవాళ్ళు గట్టిగా వద్దన్న పని, ఎందుకంటే జీడిపిక్క కాలేటప్పుడు సొన చిమ్మి మంట జానెడెత్తు లేస్తుంది.

ఇంట్లో మామ్మదే మాట. జరిగిన ప్రతిదానికీ ఆవిడకు ఒక కారణం కావాలి, ఆ కారణం ఎవరో ఒక మనిషై ఉండాలి. పాలు విరిగినా, గేదె తన్నినా, పొరుగావిడ కాలు విరిగినా, ఎవరు చేసుకున్న కర్మో తేల్చిగాని గోగునార పురిపెట్టడం మొదలుపెట్టేది కాదు. తాత దానికి పూర్తిగా ఎదురు. బడిపంతులుగా పనిచేసి మానుకున్న మనిషి, సాయంత్రాలు అరుగు మీద కూచుని పిల్లలకు పద్యాలు చెప్పేవాడు. కాకతాళీయమనే మాట మాకు ఆయనే నేర్పాడు. తాటిచెట్టు మీద కాకి వాలింది, అదే క్షణంలో పండు రాలింది. కాకి బరువుకి రాలిందా, పండి రాలిందా అని అడిగేవాడు. పండే రాలిందని మేమంతా ఒక్క గొంతుతో అరిచేవాళ్ళం. మామ్మ లోపల్నుంచి వినీ విననట్టు ఊరుకునేది.

నాకు పదేళ్ళున్న ఆ ఏడు మాఘంలో మా చిన్నాన్నకు పెళ్ళయింది. పిన్ని పేరు పైడమ్మ. కళింగపట్నం దగ్గర పల్లె, సేద్యగాళ్ళ పిల్ల. పందొమ్మిదేళ్ళుంటాయేమో, నవ్వితే చిగుళ్ళు కనిపించేవి. పుట్టింటి నుంచి ఈతాకు బుట్టలో తాటితాండ్ర తెచ్చుకుని, నాకు జడ వేసేటప్పుడు వెనకనుంచి ఒక్కో ముక్క నోట్లో పెట్టేది. జడ ఎంత బిగించినా నేను కదిలేదాన్ని కాదు, ముక్క ఆగిపోతుందని.

పిన్ని గడపలో కాలుపెట్టిన మూడోనాడు వలపటెద్దు నురగలు కక్కుకుని చచ్చిపోయింది. నెల తిరక్కుండా పెరట్లో పనసచెట్టు పిందెలన్నీ రాల్చేసింది. మామ్మ పిన్ని పాదాల వంక చూడటం మొదలుపెట్టింది. ఎద్దుకి రోగమనీ, చెట్టుకి పురుగనీ తాత అన్నాడు. అన్నాడే గాని, మామ్మకు వినిపించేలా అనలేదు.

వైశాఖంలో ఒక మిట్టమధ్యాహ్నం ఇంట్లో అందరూ కునుకు తీస్తున్నారు. నేను ఒక్కదాన్నే గడ్డివాము వెనక పగిలిన కుండపెంకులో కొబ్బరిపీచు రాజేసి, ఇరవై పిక్కలు వేసి కర్రతో తిప్పుతున్నాను. ఒక పిక్క టప్పున పేలింది. సొన వేళ్ళ మీద పడి చేయి విదిలించాను, పెంకు ఒరిగింది, సరిగ్గా అప్పుడే పడమటి గాలి కొట్టింది. వాము అంటుకోవడం చూశాను. అరవలేదు. గోగుపుల్లల మోపుల వెనక్కి పోయి నక్కాను.

వాము నుంచి పశువులశాల, శాల నుంచి మా ఇంటి గడ్డికప్పు, అక్కణ్ణుంచి పక్కనున్న రెండిళ్ళు. జనం బిందెలతో పరుగెత్తుకొచ్చేసరికి పిన్ని ఒక్కతే శాలలో దూరి కొడవలితో పలుపులు కోస్తోంది. గేదెలు బయటపడ్డాయి, దూడ పడలేదు. పిన్ని కుడిచేయి మోచేతి దాకా కాలిపోయింది. ఆ చేత్తోనే మోపుల వెనకనుంచి నన్ను లాగింది. నల్లబడి బొబ్బలెక్కిన నా వేళ్ళు చూసింది.

"పిక్కలు కాల్సినావా?" అంది మెల్లగా. తలూపాను.

"ఎవులికీ సెప్పకు. మీ నాన్న సంపేస్తాడు."

తన చీరకొంగు చింపి నా వేళ్ళకు చుట్టింది.

మూడోరోజు, నిలిచిన ఒక్క గోడ నీడలో పెద్దలు కూచున్నారు. ముందు పిన్ని పొయ్యి ఆర్పలేదన్నారు. ఆర్పి నీళ్ళు చల్లానని ఆవిడ ఒట్టేసింది. కొందరు నమ్మారు కూడా. అప్పుడు మామ్మ లేచింది.

"పొయ్యి కాదర్రా. దీని కర్మ మన కొంపకి తగులుకున్నాది. ఎద్దు పోనాది, సెట్టు పోనాది, ఇప్పుడు ఇల్లు పోనాది. ఇంకేటి పోవాల?"

కాలిన చేతికి అరిటాకు చుట్టుకుని నిలబడ్డ పిన్ని నావైపు చూసింది. ఒక్కసారే. బతిమాలినట్టు కాదు, జడ వేయడానికి రమ్మని పిలిచే ముందు చూసినట్టే చూసింది. నేను చేయి వెనక్కి పెట్టుకున్నాను. తాత కేసి చూశాను, ఆయన కాకి మాట, పండు మాట ఇప్పుడు చెప్తాడని. ఆయన కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకుంటూ కూచున్నాడు. ఎంతసేపు తుడిచాడో. పిన్ని నా పేరు చెప్పలేదు. చెప్పినా ఎవరు నమ్ముతారనుకుందో, నాన్న దెబ్బలు తలుచుకుందో నాకు తెలీదు.

చేయి మానేదాకా అని చెప్పి చిన్నాన్న ఆవిణ్ణి పుట్టింట్లో దింపి వచ్చాడు. చేయి మానే ఉంటుంది, ఎవరూ తీసుకురాలేదు. మరుసటి ఏడు ఆయనకు మళ్ళీ పెళ్ళి చేశారు. కొత్త పిన్ని వచ్చిన వేసవిలోనే మా బావి అడుగంటింది. ఈసారి మామ్మ వానలు లేవంది.

నలభై ఏళ్ళు నేను చెప్పలేదు. చిన్నప్పుడు భయం. తరవాత సిగ్గు. ఆ తరవాత, ఇప్పుడు చెప్పి ఏం లాభమన్న తెలివి. తాత పోయాడు, మామ్మ పోయింది, మొన్న చైత్రంలో చిన్నాన్న కూడా పోయాడు. ఆయన దినానికి వెళ్తే ఊళ్ళో గడ్డి ఇల్లు ఒక్కటీ కనబడలేదు. మా ఇల్లున్న చోట రెండంతస్తుల స్లాబు. పిక్కలాట ఎలా ఆడతారో అక్కడి పిల్లలకు తెలీదు. మంటలు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పాకాయో చూపించడానికి కూడా ఏమీ మిగల్లేదు.

పది రోజుల తరవాత కళింగపట్నం బస్సెక్కాను. పిన్ని వాళ్ళ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతోంది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు; ఇల్లు తగలబెట్టిన కర్మ కలదాన్ని ఎవరు చేసుకుంటారని వాళ్ళ వదిన గుమ్మంలోనే చెప్పింది. బడి వంటపాకలో, చర్మం ముడుచుకుపోయిన చేత్తో గంటె తిప్పుతూ పిన్ని నన్ను గుర్తుపట్టింది. నేను చెప్పాలనుకున్నదంతా చెప్పాను. ఆవిడ పొయ్యిలో పుల్ల వెనక్కి లాగి, పప్పు దించి, అప్పుడు మాట్లాడింది.

"తెల్సు కదే గుంటా. నువ్వు సెప్తావని శానా దినాలు సూసాను. ఏ బస్సు ఆగినా సూసేదాన్ని. తరవాత నా కర్మే అనుకున్నాను. అలాగనుకుంటే ఎవులి మీదా కోపం రాదు. ఇప్పుడొచ్చి నువ్వు కాదంతన్నావు. ఈ వయసులో నాను ఎవులి మీద కోపం తెచ్చుకోవాల?"

బడిగంట కొట్టారు. పిల్లలు కంచాలతో వరస కట్టారు, ఆవిడ వడ్డించడానికి వెళ్ళిపోయింది. తిరిగి నావైపు చూడలేదు. కాసేపు నిలబడి వచ్చేశాను.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. ఇంటికొచ్చి అమ్మకు కూడా చెప్పాను. ఆ రోజు బిందెలు మోసిన మనిషి, నా వేళ్ళకు చుట్టిన గుడ్డ ఎవరి చీరదో చూసి కూడా అడగని మనిషి. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ చివరిదాకా వింది.

"పోనీలే అమ్మీ, బెంగెట్టుకోకు," అంది. "నీ సేత ఆ పని సేయించిందీ దాని కర్మే."

నాకు కోపం రావాలి. ముందు కొంచెం ఊరట కలిగింది.