శారద దిద్దని తప్పు

ఈ పొద్దున కోడలు డాబా మీద మిరపకాయలు ఆరబోసింది. గాలి మళ్లి ఘాటు ముక్కుకెక్కగానే తుమ్మాను, వెంటనే శారద గుర్తొచ్చింది. తుమ్మితే గుర్తొచ్చే మనిషేమిటని నవ్వకండి. నేను ఆమెను నిజంగా ఎరిగింది మిరప కల్లంలోనే.

ఎనభైల్లో, కాయ కోతల రోజుల్లో, యూనివర్సిటీ పిల్లలు పదిరోజుల సేవాశిబిరానికి మా ఊరొచ్చారు. మగపిల్లలు మా పేటలో మురుగుకాలవ తవ్వారు. సగానికే వాళ్ల చేతులు బొబ్బలెక్కితే మిగతాది మావాళ్లే తవ్వారు, అది వేరే సంగతి. శారద పొన్నూరు పంతులుగారి కూతురు. ఆడవాళ్లకు చదువు చెప్పడం ఆమె వంతు. ముందుగా ఇల్లిల్లూ తిరిగి ఎవరికి చదువు వచ్చో, ఎవరికి రాదో రాసుకుంది. మా ఇంటికి వచ్చినప్పుడు నేను చర్చి పాటల పుస్తకం తెరిచి ఒక పాట గడగడా చదివేశాను. పాటలన్నీ నాకు నోటికొచ్చు, అక్షరం ఒక్కటీ రాదు. నలభై ఏళ్లదాన్ని, సంఘంలో ఆడవాళ్లకు పెద్దదాన్ని, రాదని ఆ చిన్నపిల్లకు ఎలా చెప్పను? ఆమె ‘వచ్చు’ అని రాసుకుని వెళ్లిపోయింది. చదువు గుమ్మం దాకా వస్తే అబద్ధమాడి తిప్పి పంపానని ఆ రోజంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

మూడోరోజు ఆదివారం. శారద మా చర్చికి వచ్చి నా పక్కనే నిలబడింది. నేను గొంతెత్తి పాడుతున్నాను. ఆమె నా చేతిలోని పుస్తకంలోకి చూసి, మెల్లగా నాలుగు పేజీలు తిప్పి, అసలు పాట దగ్గర నా వేలు పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం కల్లంలో రంగుపోయిన తాలుకాయలు ఏరుతుంటే వచ్చింది. నలుగురిలో ఆ మాటెత్తితే కడిగేద్దామని కాచుకుని ఉన్నాను. ఆమె తుమ్ముతూనే నా పక్కన కూర్చుని తనూ ఏరసాగింది.

“సువార్తమ్మగారూ, నాకో సాయం చేయాలి. క్లాసులో ఎవరూ నా మాట వినట్లేదు. మీరొచ్చి నా పక్కన కూర్చుని చెప్పండి.”

“నేనేం చెప్తానమ్మాయ్?”

“రేపు చెప్పేవి ఇవాళే ఇక్కడ చూసుకుందాం” అని కల్లం దుమ్ములో వేలితో ‘అ’ రాసింది.

అట్లా ఇవాళ నేర్చింది రేపు చెప్పాను. ఎప్పుడు పంతులమ్మవయ్యావక్కా అని తోటికోడలు దెప్పితే, నోరుమూసుకుని దిద్దవే అన్నాను. నా గొంతుకు దడిసి అందరూ దిద్దారు.

ఆఖరురోజు శారద వ్యాను ఎక్కబోతుంటే పక్కకు పిలిచాను. “ఆ కాయితంలో నా పేరు దగ్గర కొట్టేసి, రాదని రాయి. నీతో అబద్ధమాడాను.”

“ఇప్పుడు కొట్టేస్తే నేను రాసేది అబద్ధమవుతుందండీ.”

“సగం అక్షరాలేగా వచ్చింది?”

“మిగతా సగం మీ పూచీ.”

ఆ పూచీ తీరడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆమెను మళ్లీ చూడలేదు.

నా నోరు మంచిది కాదని ఊరంతటికీ తెలుసు. అయినా ఆసుపత్రిలోనో బస్టాండులోనో ఎవరైనా కాయితం పట్టుకుని బిక్కచూపులు చూస్తుంటే, చదువు రాదా అని మాత్రం అడగను. “కళ్లజోడు మర్చిపోయారా? ఇట్లా పట్టండి, ఇద్దరం చూద్దాం” అంటాను.