కొరియా సినిమాకు నేను కట్టిన కథ

పోయిన శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఇక్కడ గల్ఫ్‌లో, హమ్రియాలోని మా రూమ్‌లో నాతో పాటు ఉండే కడప డ్రైవరు ఫోన్‌లో ఏదో నలుపు తెలుపు సినిమా పెట్టుకుంటే, పక్క మంచం మీద నడుం వాల్చిన నేను మెట్ల మీద కూలబడి ఏడుస్తున్న ఒక కొరియా ఇల్లాలి మొహం చూసి లేచి కూర్చున్నాను. నలభై ఏళ్ల కిందట ఇదే దేశంలో, బహ్లా దగ్గరి సైట్‌లో టీవీలో చూసిన మొహం అది. తెర కింద ఇంగ్లీషులో పడుతున్న మాటలు చదివి చెప్పమని అడిగితే, పాపం ఆయన చివరిదాకా ఓపికగా చెప్పాడు.

అప్పుడు మాది కొరియా కంపెనీ, రోడ్డు పని. నేను వాళ్ల మెస్‌లో వంటవాణ్ణి కాబట్టి ఉప్పు, నీళ్లు, అన్నం వంటి నాలుగు మాటలు పట్టుకుని, నాకు ఆ భాష వచ్చేసిందని క్యాంపంతా చాటుకున్నాను. పెద్ద ఇంజనీరు దగ్గర వాళ్ల దేశపు పాత దర్శకుడొకాయన సినిమాలు పెట్టెడు క్యాసెట్లుండేవి. ఆయన పేరుకు ఇప్పటికీ నా నోరు తిరగదు. వీసీఆర్ ముందు నేల మీద కూర్చుని సినిమాలు చూసిన మన ఈడువాళ్లకు వేరే చెప్పాలా, ప్రతి శుక్రవారం అదే మాకు పండగ. ఆ దర్శకుడి కథలు ఇల్లు దాటి పోవు. అత్త, వాన, ఏడ్చే ఇల్లాలు. ఆమె బతుకు నాశనం చేసేది ఎప్పుడూ బయటివాడు కాదు, పక్కన కూర్చుని అన్నం తినేవాడే. టీవీ పక్కన నిలబడి నేను తోచిన కథ తెలుగులో అల్లి చెబుతుంటే అందరూ కళ్లు తుడుచుకునేవారు.

మా పెద్దమ్మ కొడుకు, నాకు ఆ పని ఇప్పించిన అన్న, అక్కడే మేస్త్రీ. పెళ్లయి ఏడాది తిరక్కుండానే వచ్చాడేమో, వదిన ఉత్తరం వస్తే రెండుసార్లు పైకి చదివి మురిసిపోయేవాడు. నాకు ఉత్తరం రాసేవాళ్లు ఎవరూ లేరు, అసూయతో ఒళ్లు మండిపోయేది. ఊళ్లో ఫోన్ కిరాణా దుకాణంలోనే ఉండేది కాబట్టి, అన్న చేసినప్పుడల్లా వదిన అక్కడికే వచ్చి మాట్లాడేది.

నేను ఊరికి సెలవు మీద పోయి వచ్చిన వారమే ఈ సినిమా పడింది. మొగుడు దూరదేశంలో ఉంటే, ఎవడో ఒకడు మాటిమాటికీ ఇంటికొచ్చి ఆ ఇల్లాలితో గుసగుసలాడుతున్నాడు. వాడు ఆమె ఉంచుకున్నవాడని చెప్పేశాను.

"గా మొగోడెవడ్రా?" అని అన్న అడిగాడు.

"ఇంకెవ్వడన్నా, ఫోనున్న దుకాణపాయన!" అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. అన్న కూడా నవ్వాడు గానీ సినిమా అయ్యేదాకా కూర్చోలేదు.

ఆ తర్వాత ఫోన్లు మానేశాడు. వదిన ఉత్తరాలు విప్పకుండానే పెట్టెలో పడేశాడు. చివరికి ఊళ్లో ఉన్న తన నాయనకు రాసి ఆమెను పుట్టింటికి పంపించేశాడు. తానేం తప్పు చేసిందో కనుక్కుని చెప్పమని వదిన నాకు ఉత్తరం రాసింది. నాకు భాష రాదని, అదంతా నేను కల్పించిందేనని అన్నతో ఒక్క మాట అంటే ఆమె కాపురం నిలబడేది. క్యాంపులో నవ్వులపాలవుతానని నోరు మూసుకుని, ఆ ఉత్తరాన్ని మెస్ పొయ్యిలో పెట్టాను. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

డ్రైవరు చదివిన కథలో ఆ వచ్చేవాడు ఇల్లాలి తోడబుట్టినవాడు. మొగుడు చనిపోయాడన్న కబురు తెచ్చి, ముసలి అత్తకు చెప్పలేక అన్నాచెల్లెళ్లిద్దరూ కుమిలిపోతున్నారు.

ఆ సాయంత్రమే అన్నకు ఫోన్ చేశాను. మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఊళ్లో ఒక్కడే ఉంటున్నాడు. దాచకుండా అంతా చెప్పాను, నాకు కొరియా భాష రాదని కూడా.

"నీకు రాదని గప్పుడే ఎరుకరా," అన్నాడు. "ఊరికి పోయి నువ్వేదో చూసొచ్చినవ్, మొఖం మీద చెప్పలేక సినిమా మీద పెట్టి చెప్తున్నవనుకున్న."

వదిన చనిపోయి నాలుగేళ్లయిందని, పుట్టింటివాళ్లు కబురు కూడా పెట్టలేదని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

ఇప్పుడు ఈ రూముల్లో వాళ్లు డ్యూటీ దిగగానే ఫోన్‌లో పెళ్లాం మొహం చూస్తూ పోట్లాడతారు, అన్నం తినేలోపు రాజీ పడతారు. మా రోజుల్లో ఒక మాట సముద్రం దాటడానికి వారాలు పట్టేదని, అందుకే అలా జరిగిపోయిందని ఇన్నేళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ క్యాంపులో అన్న మంచం నా మంచానికి రెండడుగుల దూరంలోనే ఉండేది.